రోలెక్స్ ల్యాండ్-డ్వెల్లర్: లోపల నిజంగా కొత్తేనా, పేరు చూసి క్యూ కడుతున్నామా?

కాకినాడ_కాలం

ఒక మంచి వాచీ కొనాలని ఏడేళ్లుగా నెలనెలా కొంత పక్కన పెడుతున్నాను. డేట్‌జస్ట్ 41 అని ఎప్పుడో అనేసుకున్నా. 2025 ఏప్రిల్ 1న జెనీవాలో రోలెక్స్ వాళ్లు ల్యాండ్-డ్వెల్లర్ అనే కొత్త మోడల్ దించారు. అప్పట్నుంచి డేట్‌జస్ట్ మీద మనసు నిలవడం లేదు.

పోయిన వారం ధైర్యం చేసి ఒక షోరూంకి వెళ్లా. ఏ ఊరు, ఏ షాపు అన్నది వదిలేయండి. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, మర్యాదకేం లోటు లేదు. ల్యాండ్-డ్వెల్లర్ అనగానే "పేరు రాసుకుంటాం సర్, ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేం" అన్నారు. అక్కడితో ఆగితే బాధ లేదు. "ఇంతకుముందు మా దగ్గర ఏమైనా తీసుకున్నారా?" అని అడిగి, వేరే కంపెనీ లేడీస్ వాచీ, చుట్టూ వజ్రాలున్నది, ట్రేలో పెట్టి నా ముందుకు జరిపారు. అది కొంటే నా పేరు పైకి వెళ్తుందని నోటితో అనలేదు, అర్థమయ్యేలా మాత్రం చేశారు. కష్టపడి దాచుకున్న డబ్బు పట్టుకెళ్లి, పరీక్ష రాసి వచ్చినట్టయింది నాకు. ఇల్లు చేరేదాకా మనసు మనసులో లేదు.

ఇంతకీ అడగాలనుకున్నది ఇది. ఈ వాచీ లోపల నిజంగా కొత్తదేమైనా ఉందా, లేక పాత మెషీన్‌కి కొత్త చొక్కానా? ఉంటే ఎన్నాళ్లైనా ఆగుతాను. లేకపోతే డేట్‌జస్ట్ కొనేసి హాయిగా ఉంటాను. తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_ఎండ

ఫొటో చూడగానే నాకు నా టిసో పీఆర్ఎక్స్ గుర్తొచ్చింది. కేసు, చైను కలిసిపోయిన అదే ఆకారం. నాది ఒకసారి స్ప్రింగు నిండితే 80 గంటలు ఆడుతుంది, ల్యాండ్-డ్వెల్లర్ 66 గంటలేనట. మీ డేట్‌జస్ట్ కూడా 70 గంటలు. అంత డబ్బు పోసి తక్కువ గంటలు కొనుక్కోవడం ఏంటో నాకు అర్థం కాలేదు.

సెకన్లముల్లు

పీఆర్ఎక్స్ లాగా ఉందనడం అన్యాయం అన్నా. కేసూ చైనూ ఒకటే అయిపోయే ఈ పద్ధతి 70లలో పుట్టింది. 1972లో ఓడమార్ పిగే రాయల్ ఓక్, 1976లో పటేక్ ఫిలిప్ నాటిలస్, రెండూ జెరాల్డ్ జెంటా అనే డిజైనర్ గీసినవే. 1977లో రోలెక్స్ కూడా ఆయిస్టర్‌క్వార్ట్జ్ అని తెచ్చింది. అది బ్యాటరీ వాచీ, పలకలు చెక్కినట్టుండే కేసు. ల్యాండ్-డ్వెల్లర్ పక్కన దాన్ని పెట్టి చూడండి, అన్నదమ్ములని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. వాళ్లు ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు, వాళ్ల పెట్టెలోదే బయటికి తీశారు. మీ పీఆర్ఎక్స్ మూలం కూడా 1978దే, ఆ విషయం మర్చిపోవద్దు.

బెజవాడ_ఎండ

సరే, ఆకారం ఒప్పుకున్నా. గంటల సంగతి చెప్పు.

అబిడ్స్_బెంచి

గంటల సంగతి నేను చెప్తాను. 31 ఏళ్లుగా వాచీలు బాగుచేస్తూ ఈ బెంచి మీదే కూర్చుంటున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

వాచీ ఎన్ని గంటలు ఆడుతుందన్నది ఒక్కటే చూస్తే మోసపోతారు. ఎంత వేగంగా కొట్టుకుంటూ అన్ని గంటలు ఆడుతోందో కూడా చూడాలి. మన హెచ్ఎంటీ జనతా తీసుకోండి. గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి ఐదు. పీఆర్ఎక్స్ 80 గంటల మెషీన్ 21,600, సెకనుకి ఆరు. డేట్‌జస్ట్‌లో ఉండే 3235 మెషీన్ 28,800, సెకనుకి ఎనిమిది. ల్యాండ్-డ్వెల్లర్‌లో వేసిన 7135 మాత్రం 36,000. సెకనుకి పది. మెల్లగా నడిచేవాడు ఎక్కువ దూరం నడిచాడంటే గొప్ప లేదు. పరిగెత్తుతూ కూడా 66 గంటలు ఆగకపోవడమే గొప్ప. అంత వేగంతో మామూలు మెషీన్ ఆడితే స్ప్రింగు తొందరగా ఖాళీ అయిపోతుంది, నూనె కూడా తొందరగా పోతుంది.

ఇక అసలు సంగతి. ఏ వాచీలోనైనా గుండెకాయ ఎస్కేప్‌మెంట్. స్ప్రింగులో ఉన్న బలాన్ని ఒక్కసారిగా వదిలేయకుండా చిటికెడు చిటికెడు, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రానికి అందించేది అదే. ఊయల ఊపడం లాంటిది. ఊయల వచ్చిన ప్రతిసారీ సరిగ్గా ఆ క్షణానికి ఒక చిన్న తోపు తోయాలి. మన చేతుల్లో ఉండే దాదాపు అన్ని వాచీల్లో ఆ తోపు ఇచ్చేది లీవర్. ఇంగ్లండ్‌లో థామస్ మజ్ అనే ఆయన 1750లలో కనిపెట్టాడు, తర్వాత స్విస్ వాళ్లు వాళ్ల పద్ధతిలో దిద్దుకున్నారు. ఒక పళ్ల చక్రం, దాని పళ్లకి అడ్డుపడే రెండు కెంపు రాళ్లు. ప్రతి తోపుకీ పన్ను రాయి మీద జారుతుంది. జారితే రాపిడి, రాపిడి ఉంటే నూనె కావాలి, నూనె ఎండిపోతే నా దగ్గరికి వస్తారు. ఇన్నేళ్లుగా నా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ ఎండిన నూనె వల్లే.

రోలెక్స్ ఇప్పుడు ఆ జారుడునే మార్చింది. డైనపల్స్ అంటున్నారు. రెండు సిలికాన్ చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి పక్కనున్న చిన్న తూగుబల్ల లాంటి ముక్కని నెడతాయి, ఆ ముక్క బ్యాలెన్స్‌ని తోస్తుంది. పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి, జారడం బాగా తగ్గిపోయింది. స్విస్ లీవర్‌తో పోలిస్తే దాదాపు 30 శాతం ఎక్కువ పొదుపుగా పనిచేస్తుందని కంపెనీ లెక్క. ఆ మిగిల్చిన బలంతోనే సెకనుకి పది కొట్టించారు.

కాబట్టి తమ్ముడూ, కొత్త చొక్కా అనకండి. గుండెకాయే మార్చారు.

కాకినాడ_కాలం

అబిడ్స్ గారూ, ఏడు నెలలుగా చూసిన వీడియోలన్నీ కలిపినా నాకు ఇంత అర్థం కాలేదు. చాలా థాంక్స్ అండీ.

టోక్యో_టిక్కు

గుండెకాయ మార్చిన మొదటివాళ్లు వీళ్లేం కాదు కదా. ఇంగ్లండ్ వాచీ తయారీదారు జార్జ్ డేనియల్స్ కనిపెట్టిన కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్‌ని ఒమేగా 1999లోనే వాచీల్లో పెట్టింది. 2020లో గ్రాండ్ సీకో 9ఎస్ఏ5 అనే మెషీన్ తెచ్చింది. అది కూడా గంటకి 36,000, కొత్త రకం ఎస్కేప్‌మెంట్, పైగా 80 గంటలు. ఐదేళ్ల కింద జపాన్ వాళ్లు చేసి చూపిస్తే ఎవరూ ఇన్ని పేజీలు రాయలేదు. ఇప్పుడు రోలెక్స్ చేస్తే లోకమంతా పండగ. నా చేతికి ఆ గ్రాండ్ సీకో ఉంది, మూడేళ్లయింది, నాకు ఏ లోటూ కనపడలేదు.

సెకన్లముల్లు

గ్రాండ్ సీకో గొప్పదే, కాదనేవాళ్లు లేరు. కానీ అందులో రెండు స్ప్రింగు డబ్బాలున్నాయి, 80 గంటలు వాటి పుణ్యమే. ఇంకోటి, వాళ్లు ఏడాదికి చేసే వాచీలతో రోలెక్స్ చేసేవాటికి పోలికే లేదు. అంత పెద్ద ఎత్తున చేసే కంపెనీ తన మెషీన్ గుండె మార్చిందంటే రేపు అది మామూలు మోడళ్లలోకి దిగుతుంది. నా ఆశంతా అక్కడే.

టోక్యో_టిక్కు

రేపటి సంగతి రేపు. ఆయన ఇవాళ కొనాలి, ఇవాళ దొరకాలి. నా గ్రాండ్ సీకో కోసం ఎవరూ నన్ను వజ్రాల వాచీ కొనమనలేదు.

వేగం_వెంకట్

36,000 అంటే జెనిత్ ఎల్ ప్రిమెరో 1969లోనే కొట్టింది కదా? ఆ మెషీన్‌నే రోలెక్స్ 1988 నుంచి 2000 దాకా డేటోనాలో వాడుకుంది, అదీ 28,800కి తగ్గించి. నెమ్మదిగా ఉంటేనే ఎక్కువ కాలం మన్నుతుందని అప్పట్లో అన్నవాళ్లు ఇప్పుడు వేగమే గొప్ప అంటున్నారు.

అబిడ్స్_బెంచి

వెంకట్ గారూ, మీరు చెప్పిన ఉదాహరణే నా మాటకి సాక్ష్యం. ఆ రోజుల్లో వేగంగా కొట్టించాలంటే లీవర్ తప్ప దారి లేదు, అంత వేగానికి నూనె నిలిచేది కాదు. అందుకే తగ్గించారు. ఇప్పుడు దొర్లే సిలికాన్ పళ్లు వచ్చాయి, అందుకే పెంచారు. మాట మార్చలేదు, పనిముట్టు మారింది.

లేమన్_తీరం

జెనీవాలో ఉంటున్నా కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను.

ఎయిర్‌పోర్టు పక్కన పాలెక్స్‌పో హాల్లో వాచెస్ అండ్ వండర్స్ అనే వాచీల ప్రదర్శన జరుగుతుంది. ఈసారి ఏప్రిల్ 1 నుంచి 7 దాకా, చివరి మూడు రోజులు టికెట్ కొన్నవాళ్లకి ప్రవేశం. 5వ తేదీ శనివారం వెళ్లాను. రోలెక్స్ స్టాండ్ అద్దాల ముందు మనిషి మీద మనిషి. నాకు దొరికిన చోటు ముందు తెల్ల డయల్ 40 మిల్లీమీటర్లది ఉంది. ఫొటోల్లో ఆ తేనెపట్టు గళ్లు అచ్చు వేసినట్టు కనిపిస్తాయి. ఎదురుగా నిలబడి తల కొంచెం పక్కకి వంచితే, గళ్ల మీద వెలుగు ఒక్కో గడికీ ఒక్కోలా విరుగుతుంది. 6, 9 అంకెలు మాత్రం అంకెలుగా ఉంటాయి, మిగతావి గీతలు. 3 దగ్గర తేదీ, దాని మీద ఎప్పటి భూతద్దమే. ఆ భూతద్దం లేకపోతే ఇంకా బాగుండేదని అక్కడే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది.

తర్వాత సెప్టెంబరులో మా ఆఫీసులో ఒకాయనకి అదే వాచీ వచ్చింది. అడిగితే తీసి ఇచ్చాడు, పది నిమిషాలు చేతికి పెట్టుకున్నా. మందం 9.7 మిల్లీమీటర్లే. చొక్కా కఫ్ కిందికి చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. చైను పేరు ఫ్లాట్ జూబ్లీ. మామూలు జూబ్లీ ముక్కలు గుండ్రంగా ఉంటాయి, ఇవి పలకలుగా, మధ్య వరస కాస్త ఎత్తుగా ఉంటుంది. కొక్కెం ఎక్కడుందో కనపడదు, చిన్న కిరీటం గుర్తుని గోటితో లేపితే తెరుచుకుంటుంది. వెనక అద్దం ఉంది, మెషీన్ కనిపిస్తుంది. ఆయిస్టర్ వాచీల్లో వెనకవైపు చూడటం ఎంత అరుదో మీకు తెలుసు, 2023లో 1908 మోడల్ వచ్చేదాకా రోలెక్స్ అంటే దాదాపు ఎప్పుడూ వెనక మూసిన రేకే.

చెవి దగ్గర పెట్టుకున్నా. నా పాత ఎక్స్‌ప్లోరర్ టకటకమంటే విడివిడిగా వినిపిస్తుంది. ఇది ఎండాకాలం దూరంగా కీచురాయి అన్నట్టు ఒకే ధార. ఆ శబ్దం నచ్చింది నాకు.

ఒక్క లోపం. ఆ కొక్కేనికి ఈజీలింక్ లేదు. అంటే చెయ్యి ఉబ్బినప్పుడు చైను ఐదు మిల్లీమీటర్లు వదులు చేసుకునే ఏర్పాటు లేదు. డేట్‌జస్ట్‌లో ఉంది.

బెజవాడ_ఎండ

ఆగండాగండి. ఈజీలింక్ లేదా? మే నెలలో మా ఊళ్లో మధ్యాహ్నం మూడింటికి బండి నడిపి రండి, చెయ్యి పూరీలా పొంగుతుంది. చైను బిగిస్తే పగలంతా చిరాకు, వదులు చేస్తే రాత్రి వాచీ గాజులా తిరుగుతుంది. నాకైతే ఇది ఎస్కేప్‌మెంట్ కన్నా పెద్ద విషయం.

జూబ్లీ_కుర్రాడు

బ్రో, ఇంత టెన్షన్ ఎందుకు. ఫస్ట్ కాపీ వచ్చేసింది మార్కెట్లోకి, తేనెపట్టు డయల్‌తో సహా. ఎవరూ కనిపెట్టలేరు.

అబిడ్స్_బెంచి

నేను కనిపెడతాను. వాటిని వెనక తెరిచినవాణ్ణి. పైన 7135 అని చెక్కి ఉంటుంది, లోపల తిరిగేది మామూలు లీవరే. దయచేసి ఈ చర్చలో ఆ మాట వద్దు బాబూ. ఏడేళ్లు డబ్బు దాచుకున్న మనిషితో మాట్లాడుతున్నాం.

డాలస్_డయల్

అమెరికాలో కొనిపించుకుందాం అనుకునేవాళ్ల కోసం. విడుదల నాడు ఇక్కడ స్టీల్‌ది 36 మిల్లీమీటర్లదానికి 13,900 డాలర్లు, 40దానికి 14,900. స్టీల్ అని మాటవరసకి అంటున్నాం గానీ బెజెల్, అంటే డయల్ చుట్టూ ఉండే వలయం, తెల్ల బంగారం, వాళ్ల మాటలో వైట్ రోలెసార్. ఆ తర్వాత ఆగస్టు 7 నుంచి స్విస్ సరుకు మీద ఇక్కడ 39 శాతం సుంకం పడింది, నవంబరులో 15కి తగ్గింది. ఈ గొడవలో ధరలు కదిలాయి, కాబట్టి ఏప్రిల్ నాటి రేటు మనసులో పెట్టుకుని బయల్దేరొద్దు. క్యూ ఇక్కడా ఉంది. నేను మే నెలలో పేరు ఇచ్చా, ఇప్పటిదాకా ఫోను రాలేదు.

ఇండియాకి వచ్చేటప్పుడు చేతికి పెట్టుకుని కస్టమ్స్ గ్రీన్ చానల్లో ఏమీ చెప్పకుండా నడిచిపోవచ్చని సలహాలిచ్చే బంధువులు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ పని చేయకండి. నా స్నేహితుడికి శంషాబాద్‌లో అదే జరిగింది. డ్యూటీ, జరిమానా, ఆరు గంటలు అక్కడే. పిల్లలు నిద్రపోయారు బెంచీల మీద. రెడ్ చానల్లో చెప్పి కట్టేస్తే ఆ బాధ లేదు.

లెక్కల_లలిత

పన్నుల సంగతి నేను చెప్తా, ఉద్యోగం అదే కాబట్టి.

భారత్‌కీ, స్విట్జర్లాండ్ ఉన్న ఈఎఫ్‌టీఏ అనే నాలుగు దేశాల కూటమికీ మధ్య వాణిజ్య ఒప్పందం 2024 మార్చి 10న సంతకమైంది, 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం, దాని మీద సర్‌చార్జి కలిపితే 22 ఉండేది. అది ఏడేళ్లలో అంచెలంచెలుగా సున్నాకి వస్తుంది. ఒక్క రోజులో పోదు. 18 శాతం జీఎస్టీ ఎలాగూ ఉంటుంది. పైగా సుంకం తగ్గినంత మాత్రాన షోరూం ధర అంత తగ్గాలని లేదు, 2025లో బంగారం, స్విస్ ఫ్రాంక్ రెండూ పైకే పోయాయి. అందుకే ఏడేళ్లు ఆగితే 22 శాతం లాభం అన్న లెక్క వేసుకోకండి.

రెండోది. 2025 ఏప్రిల్ 22 నుంచి 10 లక్షలు దాటిన వాచీ కొంటే షాపువాళ్లు 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసేటప్పుడు మీ పన్నులో సర్దుకోవచ్చు. పాన్ ఇవ్వడం మర్చిపోవద్దు. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడానికి షాపుకి వీల్లేదు, కాబట్టి బ్యాంకు ద్వారానే కట్టండి. బిల్లు, గ్యారంటీ కార్డు మీద తేదీ, నంబరు సరిచూసుకోండి. రోలెక్స్ గ్యారంటీ ఐదేళ్లు.

ఇంకో మాట, ఇది ఆడిటర్‌గా కాదు. ఆ వజ్రాల వాచీ మీ ఇంటావిడకి నచ్చితే కొనండి. క్యూలో ముందుకెళ్లడానికి మాత్రం కొనకండి. అమ్మబోతే దానికి సగం కూడా రాదు. మా క్లయింటు ఒకాయన అలా మూడు కొన్నారు, మూడూ లాకర్లో ఉన్నాయి, అడిగిన మోడల్ ఇంకా రాలేదు.

కాకినాడ_కాలం

లలిత గారూ, మీ చివరి మాట మా ఆవిడకి చదివి వినిపించా. "ఆ అమ్మాయి ఎవరో గానీ బంగారం లాంటి మాట చెప్పింది" అంది.

అబిడ్స్ గారూ, ఇంకో అనుమానం. సిలికాన్ పగిలిపోతుందంటున్నారు, నిజమేనా? పాతికేళ్ల తర్వాత దీన్ని ఎవరు బాగుచేస్తారు?

అబిడ్స్_బెంచి

రాత్రి మొదలుపెట్టి ఇప్పుడు ముగిస్తున్నా, ఆలస్యానికి ఏమనుకోకండి.

సిలికాన్‌కి అయస్కాంతం అంటదు. ఇది చిన్న లాభం కాదు. నా దగ్గరికి "వాచీ ఉన్నట్టుండి రోజుకి రెండు నిమిషాలు ముందుకి పోతోంది" అని వచ్చేవాళ్లలో చాలామందికి రోగం అయస్కాంతమే. ఫోను కవరు, స్పీకరు, ట్యాబ్ మూత. యంత్రం మీద పెట్టి పది సెకన్లలో తీసేసి పంపిస్తా, డబ్బు తీసుకోను. రోలెక్స్ 2014లోనే ఆడవాళ్ల మెషీన్ ఒకదానిలో సిలికాన్ హెయిర్‌స్ప్రింగు, అంటే బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్న తీగ చుట్ట, వేసింది, ఇప్పుడు ఎస్కేప్‌మెంట్ దాకా తెచ్చింది.

పగలడం మాటకొస్తే, వాచీలో ఉన్నంతసేపు భయం లేదు. బయటికి తీసి చిమటాతో పట్టుకున్నప్పుడే భయం. లోహపు ముక్క వంగితే నేను సరిచేస్తాను. సిలికాన్ వంగదు, విరుగుతుంది. విరిగితే కొత్త ముక్క కావాలి, ఆ ముక్క కంపెనీ తప్ప ఎవరూ ఇవ్వరు. దాదాపు పదేళ్లకోసారి సర్వీసు చేయించమంటుంది కంపెనీ. చేయించినప్పుడల్లా వాళ్ల సర్వీసు సెంటరుకే వెళ్లాలి. నా బెంచి మీదికి ఆ వాచీ ఎప్పటికీ రాదు.

బాధగా ఉందా అంటే ఉంది. మా గురువుగారు లోహపు హెయిర్‌స్ప్రింగుని రెండు చిమటాలతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి వంచి సరిచేసేవారు. అది చూసి నేర్చుకున్న చెయ్యి ఇది. రేపటి వాచీలకి ఈ చెయ్యి అక్కర్లేదు. అయినా డైనపల్స్ బొమ్మ మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. ఇన్నేళ్లు నేను నూనె వేసి వేసి కాపాడిన జారుడుని ఎవరో కూర్చుని ఆలోచించి తీసేశారు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. డేట్‌జస్ట్‌కీ, దీనికీ కంపెనీ ఇచ్చే హామీ ఒకటే, రోజుకి రెండు సెకన్లు అటూ ఇటూ. చేతికి పెట్టుకుని టైము చూసుకునే మనిషికి తేడా తెలియదు. తేడా లోపలుంది. లోపలున్నది మీకు ముఖ్యమైతే ఆగండి. పెళ్లిళ్లకీ పేరంటాలకీ మంచి వాచీ కావాలంటే డేట్‌జస్ట్‌కి వంక పెట్టలేం.

వేగం_వెంకట్

పూర్తి కొత్త మెషీన్ అని మాత్రం అనొద్దు. 1908 అనే మోడల్‌లో ఉన్న 7140 మెషీన్ పునాది మీదే 7135 కట్టారు. ఎస్కేప్‌మెంట్ కొత్తది, ఇల్లు పాతదే. 32 పేటెంట్ దరఖాస్తులు వేశారన్నది నిజమే, అందులో చైనూ, కేసూ కూడా ఉన్నాయి.

అబిడ్స్_బెంచి

ఒప్పుకుంటా. పునాది బాగుంటే ఇల్లు పడగొట్టక్కర్లేదు.

టోక్యో_టిక్కు

అబిడ్స్ గారి పోస్టు చదివాక నా గ్రాండ్ సీకో మీద ప్రేమ తగ్గలేదు గానీ, డైనపల్స్ మీద కోపం తగ్గింది.

సెకన్లముల్లు

@కాకినాడ_కాలం 36నా 40నా? ఎవరూ అడగలేదు.

కాకినాడ_కాలం

నా మణికట్టు 16 సెంటీమీటర్లు. 40 అనుకున్నా.

లేమన్_తీరం

నాది 17. ఈ ఆకారంలో కేసు నుంచి చైను నేరుగా కిందికి దిగదు, కొంచెం పక్కకి చాచుకుని దిగుతుంది, అందుకే అంకె కన్నా పెద్దగా కనిపిస్తుంది. 40 నాకే చెయ్యంతా పరుచుకున్నట్టనిపించింది. మీరు 36 చూడండి. మెషీన్ రెండింటిలో ఒకటే. ధర కూడా కొంచెం తక్కువ, మీ ఆవిడ కూడా పెట్టుకోవచ్చు.

కాకినాడ_కాలం

మొన్న ఆదివారం నాన్నకి ఫొటోలు చూపించా. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. 1974లో కొన్న హెచ్ఎంటీ జనతా ఇప్పటికీ చేతికే ఉంటుంది. ఆ రోజుల్లో స్టేషను గడియారంతో రోజూ పోల్చుకునేవారు. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఎంతని అడగలేదు. "దీనికి కీ ఇవ్వాలా?" అన్నారు. అక్కర్లేదు నాన్నా, చెయ్యి కదిలితే అదే నిండుతుంది, శుక్రవారం సాయంత్రం ఆరింటికి తీసి పక్కన పెడితే సోమవారం మధ్యాహ్నం పన్నెండు దాకా ఆడుతుంది అన్నా. కాసేపు వేళ్ల మీద లెక్క వేసుకుని, "అరవయ్యారు గంటలు" అన్నారు.

ఇంకో షోరూంకి ఫోను చేశా. 36కి పేరు రాసుకున్నారు. ఏమైనా కొన్నారా అని అడగలేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు, సరే అన్నా. మనసు కుదుటపడింది. ఏడేళ్లు ఆగినవాణ్ణి, ఇంకో ఏడాది ఆగలేనా.

అబిడ్స్ గారూ, నాన్న వాచీ ఈ మధ్య రోజుకి మూడు నిమిషాలు వెనకబడుతోంది. సంక్రాంతికి హైదరాబాదు వస్తాం. తెస్తే చూస్తారా?

బెజవాడ_ఎండ

36 బాగుంటుంది అన్నా. ఎండాకాలం చైను మాత్రం ఒక లింకు ఎక్కువే పెట్టించుకోండి.

డాలస్_డయల్

మా నాన్నదీ జనతానే, తెల్ల డయల్. పోయినసారి వచ్చినప్పుడు తెచ్చుకున్నా. పడుకునే ముందు కీ ఇస్తా.

అబిడ్స్_బెంచి

తప్పకుండా తీసుకురండి తమ్ముడూ. జనతా స్ప్రింగు నా దగ్గర ఉంది, దొరకదని భయపడొద్దు. కడిగి నూనె వేస్తే నూటికి తొంభై సార్లు అదే దారికొస్తుంది. డయల్‌కి రంగు వేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అద్దం మాత్రం మార్చుకోవచ్చు.

వచ్చేలోపు నాన్నగారిని ఒకటి అడిగి రాయండి. రోజూ ఏ వేళకి కీ ఇస్తారు, ఎన్ని తిప్పులు తిప్పుతారు? స్ప్రింగు ఎంత అలిసిందో దాన్నిబట్టి ముందే అంచనా వేసుకుంటా.

కాకినాడ_కాలం

అడిగానండీ. పొద్దున ఐదున్నరకి, కాఫీకి ముందు. ఇరవై ఎనిమిది తిప్పులు. ఇరవై తొమ్మిదోది ఎప్పుడూ తిప్పలేదట.